ఎకరం అమ్మే ముందు జర్మనీ లెక్క చూడండి

అన్నలారా, కొడుకును బెర్లిన్ పంపినం అని ఊళ్లో చెప్పుకుంటే బాగానే ఉంటది. అక్కడ వాడి రోజు ఎట్లా గడుస్తుందో ఎప్పుడన్నా అడిగారా?

వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వెయ్యాలి. అది ఫీజు కాదు, ఏజెంటు పైసలు అసలే కాదు. వాడి ఏడాది తిండికీ గదికీ నెలకు 992 చొప్పున వాడి చేతికే వస్తది. బెర్లిన్‌లో గది అద్దెకే అందులో సగం పోతుంది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో చవక తిండి, సాయంత్రం ఏ గోదాములోనో డబ్బాలు మోసుడు. ఆ పనికీ హద్దుంది, ఏడాదికి 140 పూర్తి రోజులు. ఆదివారం దుకాణాలు బంద్, శనివారమే బియ్యం తెచ్చుకోవాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఖాళీ ప్లాస్టిక్ సీసా వాపస్ ఇస్తే 25 సెంట్లు వస్తాయి, అవీ లెక్కపెట్టుకుంటారు పిల్లలు.

అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. ఏజెంటు లక్షల ఫీజు అంటే అది ప్రైవేటు కాలేజీయేమో ముందు తేల్చుకోండి. నా మాటైతే, డీఏఏడీ వెబ్‌సైట్‌లో కోర్సు ఫీజు మీ పిల్లాడే చదివి చెప్పేదాకా పొలం బేరం పెట్టొద్దు.

పోయినవాడు రాత్రి ఫోన్ ఎత్తలేదని మాత్రం తిట్టకండి. మనకు పదైతే అక్కడింకా సాయంత్రమే, డ్యూటీలో ఉంటాడు.