కరువు మీద యుద్ధం అనొద్దు

కరువు మీద యుద్ధం అనే మాటను అనంతపురంలో ఇక ఎవరూ వాడకూడదు. మంత్రులు వాడకూడదు, కలెక్టర్లు వాడకూడదు, పత్రికల్లో శీర్షికలు పెట్టేవాళ్లు వాడకూడదు. ఆ మాట ఈ సీమకు చేసిన చెరుపు చిన్నది కాదు.

2016 ఆగస్టునే తీసుకోండి. ముందు వానలకు శెనిక్కాయ పచ్చగా లేచింది. సరిగ్గా ఊడలు దిగే వేళకు బెట్ట పట్టింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జిల్లాలో మకాం వేశారు. రెయిన్ గన్లు దిగాయి. డీజిల్ ఇంజన్లు, పైపులు, నీళ్ల ట్యాంకర్లు పొలాల బాట పట్టాయి. కరువుపై యుద్ధం అన్నారు. పంటను కాపాడామన్నారు. తడి అందిన చేను కొంత తేరుకుని ఉంటుంది, దాన్ని నేను కాదనను. కానీ రెయిన్ గన్ నీటిని పుట్టించదు. పక్కన కుంటలోనో ట్యాంకర్లోనో నీళ్లుంటే చల్లుతుంది, అంతే. లక్షల ఎకరాల మెట్ట శెనిక్కాయకు ఆ కుంటలు ఎక్కడున్నాయి? ఆ ఏడాది ముగియకముందే కరువు మండలాల జాబితాలోకి జిల్లా మళ్లీ ఎక్కింది. ఓడిందెవరని ఒక్కరూ అడగలేదు. అడగనివ్వకపోవడమే ఆ మాట చేసే పని.

యుద్ధం అనగానే ఒక శత్రువు కావాలి. ఇక్కడ ఆకాశాన్ని శత్రువును చేశారు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇది ఈ నేల తీరు, నిన్న దండెత్తి వచ్చిందేమీ కాదు. మన పెద్దలకు ఇది తెలుసు కాబట్టే కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, ఉలవ చల్లారు. ఆ ధాన్యాలను పక్కకు నెట్టి, కొండ నుంచి కొండ దాకా ఒక్క శెనిక్కాయే పరుచుకునేలా చేసింది ఆకాశం కాదు. ధరలు, అప్పులు, సబ్సిడీ విత్తనాలు, నూనెగింజల విధానాలు చేశాయి. వాటన్నింటి వెనుక మనుషులున్నారు, సంతకాలున్నాయి.

వాన పడకపోవడం వేరు, కరువు వేరు. 1876లో మొదలైన ధాత కరువులో మన దత్తమండలాల జనం ఎముకల గూళ్లై రాలిపోతుంటే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. సహాయ పనులకు వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కన కూలి చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కోత పెట్టాడు. మబ్బు చేసిన పని కాదది. పేరున్న అధికారి, పదవిలో కూర్చుని చేసిన పని.

మన జనం వాడే మాట కొట్లాట. మాట్లాడు, పోట్లాడు, కొట్లాడు మూడూ ఒక అచ్చులో పోసిన మాటలే. ఒంటరిగా మాట్లాడుకోవచ్చేమో గానీ ఒంటరిగా కొట్లాడలేం. కొట్లాటకు ఎదుట ఒక మనిషి నిలబడాలి, అతను జవాబు చెప్పాలి. అందుకే పాలకులకు ఆ మాట గిట్టదు. ఆకాశంతో యుద్ధం ప్రకటించినవాడు సేనాపతి అవుతాడు. కాలువ నీళ్ల కోసం రైతు కొట్లాడితే అదే మనిషి ప్రతివాది అవుతాడు. యుద్ధంలో చచ్చినవాళ్లకు నివాళులర్పించి ఊరుకుంటారు. కొట్లాటలో లెక్క అడుగుతారు. అప్పుల పాలై పురుగుల మందు తాగిన రైతు పేరు ఏ లెక్కలో రాయాలి? అది మృతవీరుల జాబితా కాదు. చెల్లించని బాకీల జాబితా.

పోరు నష్టం, పొందు లాభం అని సామెత చెప్పి సీమవాళ్లను చల్లార్చేవాళ్లున్నారు. పొందు మేము చేసుకుని చూశాం. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్‌లో, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల వాడకంలో రాయలసీమకు, నెల్లూరుకు ముందు వరుస అని పెద్దమనుషులు సంతకాలు చేశారు. ఆ పొందులో లాభం ఎక్కడ? తుంగభద్ర ఎగువ కాలువలో ఆంధ్ర వాటాగా కాగితం మీద 32.5 టీఎంసీలు. పూడికతో తుంగభద్ర జలాశయం 133 టీఎంసీల నుంచి సుమారు 105కు కుంచించుకుపోయింది. తగ్గిన ప్రతి చుక్కా చివరి ఆయకట్టు రైతు నెత్తిన పడింది. హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లికి చేరింది 2012లో. అదీ కృష్ణా మిగులు జలాల మీద ఆధారపడిన పథకం. పైవాళ్లకు మిగిలితేనే మాకు. దీన్ని పట్టుకుని రైతు రోడ్డెక్కితే గలాట చేస్తున్నారంటారు, శాంతిభద్రతలంటారు.

ఇంకో పక్క సినిమా. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది, తర్వాత వరుస కట్టాయి. సుమోలు గాల్లోకి లేచాయి, వేటకొడవళ్లు ఊగాయి. సీమ అంటే ఫ్యాక్షన్ అని తెలుగు పిల్లలందరికీ నూరిపోశారు. ఇక్కడ హత్యలు జరగలేదని నేను అనను. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున పరిటాల రవిని చంపారు. ఆ నెత్తురు నిజం. కానీ కొన్ని కుటుంబాల పగను లక్షల మంది స్వభావంగా చూపడం నేరం. విత్తన కాయల కోసం తెల్లవారుజామున చెప్పులు వరుసలో పెట్టి నిలబడిన ఆడవాళ్లను, మూట సర్దుకుని బెంగళూరు బస్సెక్కిన కూలీలను ఆ తెర ఎన్నడూ కొట్లాడేవాళ్లుగా చూపలేదు. కత్తి పట్టినవాడికే పౌరుషమని పేరు పెట్టింది. ఆ ముద్రతోనే బయట ఊళ్లలో మన పిల్లలకు అద్దె ఇల్లు ఇవ్వడానికి వెనకాడే యజమానులున్నారు.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. దాని పేరులో యుద్ధం లేదు, హామీ ఉంది. హామీలో ఇచ్చేవాడొకడు, నిలదీసేవాడొకడు. పని చూపకపోతే, కూలి ఆలస్యమైతే కూలివాడు కాగితం పట్టుకుని అడగవచ్చు. కరువు గురించి మాట్లాడే ప్రతి పాలకుడూ ఆ తరహా మాటతోనే రావాలి.

కాబట్టి ఈసారి ప్రకటనలో యుద్ధం తీసేయండి. ఎగువ కాలువకు ఈ ఏడు రావాల్సిన నీళ్లెన్ని, వచ్చినవెన్ని, మధ్యలో ఎక్కడ తగ్గాయి, తగ్గించమని ఎవరు రాశారు, పంట బీమా ఎన్ని ఎకరాలకు దక్కింది, ఎందరికి దక్కలేదు, అవన్నీ మండలాలవారీగా తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయం గోడకు అంటించండి. కింద బాధ్యుడైన అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి.