తరగతి గదిలో తెర: ముందుగా చూడవలసిందెవరు?

ప్రాథమిక పాఠశాలలలో నల్లబల్ల పక్కన ఇప్పుడు తెర వచ్చి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద చిన్న తరగతులకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు పెద్ద డిజిటల్ తెరలు సమకూర్చారు. 2017లో మొదలైన దీక్ష వేదికలోని పాఠాలను పాఠ్యపుస్తకంపై ముద్రించిన క్యూఆర్ కోడ్ సాయంతో ఎక్కడైనా చూడవచ్చు. ఈ మార్పు స్వాగతించదగినదే. గుండె ఎలా కొట్టుకుంటుందో కదిలే బొమ్మలో చూసిన బిడ్డకు పాఠం తేలికగా బోధపడుతుంది. ట్యూషన్ ఫీజు కట్టలేని మన బస్తీల పిల్లలకు ఆ మేలు మరింత అవసరం. కనుక తెరే వద్దనే వాదన మనది కారాదు.

అయితే పుస్తకానికీ తెరకూ ఒక ముఖ్యమైన భేదమున్నది. పాఠ్యపుస్తకం పిల్లల చేతికి చేరకముందే రచయితలు, సంపాదకులు, విద్యాశాఖ దానిని పరిశీలిస్తారు. తప్పు దొర్లితే ఫలానా పుటలో ఉన్నదని చూపి ప్రశ్నించవచ్చు. యూట్యూబ్ తెరిచి అప్పటికప్పుడు చూపించే వీడియోకు అటువంటి పరిశీలన ఏదీ లేదు. పాఠం మధ్యలో ప్రకటన వస్తుంది. పాఠం ముగియగానే మరొక వీడియో దానంతట అదే మొదలవుతుంది. ఆ రెండవ దానిని ఎన్నుకున్నది ఉపాధ్యాయుడు కాదు, ఒక సంస్థ లాభం కోసం రాసుకున్న లెక్క. పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న అభియోగంపై గూగుల్, యూట్యూబ్ సంస్థలు 2019లో అమెరికాలో 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. అటువంటి వేదికను బడిలో పరీక్షించకుండా తెరవడం వివేకం కాదు.

ఇందులో మన సమాజానికి ప్రత్యేకమైన ఆందోళన ఒకటున్నది. చరిత్ర పాఠానికి తోడుగా చూపిన సినిమా దృశ్యంలోనో వ్యాఖ్యానంలోనో ఒక మతం వారందరినీ క్రూరులుగా చిత్రించారనుకుందాం. నలభై మంది ఉన్న గదిలో ముగ్గురే ముస్లిం పిల్లలైతే, తెర ఆగిన తరువాత మిగిలినవారి చూపులు ఎటు తిరుగుతాయో చెప్పనక్కరలేదు. ఎనిమిదేళ్ల బిడ్డ ఇంటికి వచ్చి ఫిర్యాదు చేయదు. మర్నాడు కడుపు నొప్పి అంటుంది, బడికి వెళ్లనని మొండికేస్తుంది. అమ్మీకి కారణం తెలియదు.

ఈ విషయంలో చట్టం మనకు స్పష్టమైన కొలమానం ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం పాఠ్యక్రమం రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలి, బిడ్డను భయం నుండి, మానసిక గాయం నుండి, ఆందోళన నుండి దూరంగా ఉంచాలి. ఈ నియమం పుస్తకానికి ఎంతగా వర్తిస్తుందో తెరకూ అంతగానే వర్తించాలి. ఏ వీడియోనైనా వేయదగిన ప్రశ్న ఇదే: గదిలోని ఏ బిడ్డ అయినా దీనిని చూసి తల దించుకొనవలసి వస్తుందా?

ఆ కొలమానం మనకు కూడా వర్తిస్తుందని మరువరాదు. సంక్రాంతి గురించో క్రిస్మస్ గురించో చెప్పే పాఠం పొరుగువారిని తెలుసుకొనే పాఠం. దానికి మనం అడ్డు చెబితే, రేపు రంజాన్ పాఠానికి మరొకరు అడ్డు చెప్పినప్పుడు మన నోట మాట ఉండదు. మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించిన పాఠాన్ని సిగ్గు పేరిట ఆపించడం మన బిడ్డలకే హాని. దళిత బిడ్డను, వికలాంగ బిడ్డను హేళన చేసే వీడియోను చూసి మనం ఊరుకుంటే మన ఫిర్యాదుకు విలువ ఉండదు. మనకు నచ్చనిది వేరు, బిడ్డను గాయపరిచేది వేరు. పరిశీలన రెండవ దాని కోసమే.

మరి ఆ పరిశీలన ఎలా జరగాలి? కార్యాలయ ఫైళ్ల నడుమ జీవితం గడిపినవాడిగా నా అనుభవం ఒక్కటే: కాగితం మీద లేని పనికి జవాబుదారీ ఉండదు. ప్రతి బడిలో ఒక రిజిస్టరు పెట్టాలి. తేదీ, తరగతి, వీడియో పేరు, నిడివి, దానిని ముందుగా పూర్తిగా చూసిన ఉపాధ్యాయుని సంతకం అందులో ఉంటే చాలు. వీలైనంత వరకు దీక్షలోని పాఠాలనే వాడాలి. బయటి వీడియో అయితే దానంతటదే తరువాతిది మొదలయ్యే సదుపాయాన్ని ఆపి చూపించాలి. ఉపాధ్యాయులకు ఇది అదనపు భారం కాదా అని అడగవచ్చు. ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడులలో ఆ ప్రశ్న న్యాయమైనదే. మండలంలోని బడులన్నీ ఆమోదించిన వీడియోల జాబితాను పంచుకుంటే ఒకరు చూసినదానిని మరొకరు మళ్లీ పరీక్షించే అవసరం ఉండదు.

బడిలోకి వచ్చే దృశ్యాలతోపాటు బడి నుండి బయటికి వెళ్లే దృశ్యాలనూ గమనించాలి. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ముస్లిం బాలుణ్ణి ఉపాధ్యాయురాలు తోటి పిల్లలచేత కొట్టించిన వీడియో దేశమంతటా తిరిగింది. దాని వల్లనే ఆ అన్యాయం సుప్రీంకోర్టు దాకా చేరింది. కానీ సానుభూతితో పంపిన ప్రతి చేతి మీదుగా ఆ పసివాని అవమానం కూడా ప్రయాణించింది. సాక్ష్యం అధికారులకు చేరాలి. బిడ్డ ముఖం ఊరంతటికీ చేరవలసిన పని లేదు.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలని నిర్దేశించింది. బడి పనితీరును గమనించే అధికారం ఆ కమిటీది. అభ్యంతరం ఉంటే గుంపుగా వెళ్లి ఉపాధ్యాయునిపై విరుచుకుపడరాదు, వాట్సాప్‌లో ఆయన పేరు తిప్పరాదు. ప్రధానోపాధ్యాయునికి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోవాలి. అక్కడ పరిష్కారం కాకుంటే మండల విద్యాధికారి దగ్గరకు వెళ్లాలి. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక మన యాజమాన్యాలు నడిపే బడులలో చట్టం బలవంతం చేయకపోయినా ఈ రిజిస్టరును మనమే తెరవాలి. ఇతరులను అడిగేది ముందుగా మన ఇంట కనబడాలి.

ఇన్ని చెప్పినా కమిటీ సమావేశానికి మన తల్లులు వెళ్లకపోతే ఇవన్నీ కాగితాలుగానే మిగులుతాయి. కూలి పోతుందని కొందరు, చదువు రాదని సంకోచించి కొందరు వెనుకాడుతున్నారు. ఏ వీడియో బిడ్డను భయపెట్టిందో చెప్పడానికి చదువు అవసరం లేదు. సమావేశం తేదీని ముందు జుమా నమాజు తరువాత మసీదులో ప్రకటించి, ఒక్కో వీధి నుండి ఇద్దరు తల్లులనైనా తోడిచ్చి పంపించే బాధ్యతను మొహల్లా పెద్దలు ఈ నెల నుండే స్వీకరించాలి.