బాణసంచా – పౌరధర్మము

దీపావళి వచ్చినదన్న బిడ్డలకు సంబరము, తల్లులకు గుండెదడ. 2025 ఏప్రిల్ 13వ తేదీన అనకాపల్లి జిల్లా కైలాసపట్నమున బాణసంచా తయారగుచోట ప్రేలుడు సంభవించి ఎనమండుగురు మరణించిరి. మన వేడుక వెనుక నిట్టి మృత్యువు పొంచియున్నది.

శాసనములకు కొదువ లేదు. 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము ననుసరించి లైసెన్సు లేక బాణసంచా చేయుటయు, అమ్ముటయు నేరము. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు చప్పుడు చేయు టపాకాయలను కాల్చరాదని 2005లో సుప్రీంకోర్టు శాసించెను. 2018లో దీపావళినాటి కాల్పులను రెండు గంటలకు పరిమితము చేసి, బేరియము లవణములను, టపాకాయల సరములను నిషేధించెను. చట్టము నెరుగమన్న మాట న్యాయస్థానమున చెల్లదు.

నేరమంతయు అధికారులపై మోపి మనము తప్పుకొనుట తగునా? చౌకకాశించి లైసెన్సు లేని కొట్టున మనమిచ్చు రూపాయియే ఆ ప్రమాదకర వ్యాపారమును పోషించుచున్నది.

తల్లిదండ్రులారా! బిడ్డలకు నూలుబట్టలు కట్టుడు. ప్రక్కన నీళ్లబిందె నుంచుడు. ప్రేలని టపాకాయ జోలికి పోనీయకుడు. ఒడలు కాలినచో సిరా పూయక, 20 నిమిషములు చల్లని నీరు పోసి, వైద్యునికి చూపుడు. పఠనమందిరములందు ఈ నిబంధనలను చదివి వినిపింపుడు. పొరుగువాని ప్రాణమును కాపాడు శాసనమును పాటించుట పౌరునకు గౌరవము.