విమానంలో పసిబిడ్డ ఏడిస్తే...

గల్ఫ్ దేశాల్లో పాఠశాలలకు వేసవి సెలవులు ఇచ్చారంటే హైదరాబాదుకు వచ్చే విమానాలన్నీ పిల్లలతో నిండిపోతాయి. జిద్దా, రియాద్, దమ్మామ్, దుబాయి, దోహా... ఎక్కడ చూసినా చంకలో ఒక బిడ్డ, చేతికి మరో బిడ్డ, భుజాన పాలసీసాల సంచి. వీరిలో చాలామంది తల్లులు ఒంటరిగానే వస్తారు. భర్తకు సెలవు దొరకదు. దొరికినా పది, పదిహేను రోజులే కనుక అతను తర్వాత వస్తాడు. జిద్దా నుండి అయిదారు గంటల ప్రయాణం. దానికి ముందు విమానాశ్రయంలో మూడు గంటలు. మధ్యలో మరో ఊళ్లో విమానం మారాలంటే ఇక చెప్పనక్కరలేదు.

సౌదీ అరేబియాలో 2017 జూలై నుండి ప్రవాసుల కుటుంబ సభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధించారు. ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి అది 400 రియాళ్లయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు నెలకు 1,600 రియాళ్లు కట్టాలి. చిన్న జీతగాడికి ఇది సాధ్యమయ్యే పనేనా? ఎందరో సోదరులు ఇల్లు ఖాళీ చేసి, ఆలుబిడ్డల్ని స్వదేశానికి పంపి, తాము నలుగురైదుగురు ఉండే గదుల్లో సర్దుకున్నారు. అలా విమానమెక్కిన తల్లులు సెలవులకు వస్తున్నవారు కారు, సంసారాన్ని మూటగట్టుకొని వస్తున్నవారు. అటువంటి తల్లి ఒళ్లో బిడ్డ ఏడ్చినప్పుడు ముందు సీటాయన వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తాడు. ఆ చూపు గురించే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అసలు పసివాడు విమానంలో ఎందుకు ఏడుస్తాడు? పెంపకం సరిగా లేక కాదు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనాన్ని ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండే స్థాయిలో ఉంచుతారు. కిందికి దిగుతున్నకొద్దీ పీడనం మళ్లీ పెరుగుతుంది. చెవి లోపలి నుండి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకొని చెవిలోని గాలిని సరిచేస్తుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం మరీ ఇరుకు. జలుబు చేసి ఉంటే పూర్తిగా మూసుకుపోతుంది. మనమైతే గుటక మింగుతాం, బిడ్డకు ఆ ఉపాయం తెలియదు. అందుకే దిగే సమయంలో పాలు పట్టమని వైద్యులు చెబుతారు. చక్రాలు నేలను తాకేముందు కాదు, దిగడం మొదలైనప్పుడే, అంటే దాదాపు అరగంట ముందే. అప్పటికే కడుపు నిండి ఉంటే బిడ్డ తాగడు కనుక తల్లి వేళ చూసుకొని పట్టాలి. కాని పక్క సీట్లో పరాయి పురుషుడు మోచెయ్యి ఆనించి కూర్చుంటే ఆమె బిడ్డకు పాలెలా ఇస్తుంది? ఇవ్వదు. బిడ్డ ఏడుస్తాడు. అప్పుడు విసుక్కునేది కూడా ఆ పక్క సీటాయనే!

ప్రయాణానికి ముందు నిద్రమందు పట్టమని సలహా ఇచ్చే పెద్దలు మన ఇళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. ఈ సలహాను దయచేసి పాటించకండి. జలుబుకు, దురదకు ఇచ్చే కొన్ని సిరప్పులు మత్తు కలిగిస్తాయి. కొందరు పిల్లల్లో అవి ఎదురు తిరిగి నిద్రకు బదులు మరింత చికాకు పుట్టిస్తాయి. ప్రోమెథజిన్ అనే మందు రెండేళ్లలోపు పిల్లల ఊపిరిని ప్రాణాపాయమయ్యేంతగా మందగింపజేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే గట్టి హెచ్చరిక జారీ చేసింది. చుట్టుపక్కలవాళ్ల నిద్ర కోసం బిడ్డ ఊపిరితో ఆటలా?

ఇక టికెట్టు సంగతి. రెండేళ్లలోపు బిడ్డకు అంతర్జాతీయ ప్రయాణంలో సాధారణంగా పెద్దల ఛార్జీలో పదోవంతు తీసుకుంటారు, సీటు ఇవ్వరు. తల్లి ఒడే సీటు. ఒక పెద్దకు ఒక్క బిడ్డనే ఒళ్లో కూర్చోబెట్టుకోనిస్తారు. 1989 జూలైలో అమెరికాలోని సూ సిటీలో ఒక విమానం కూలినప్పుడు ఒళ్లో పిల్లలున్న తల్లులను బిడ్డల్ని కింద నేలమీద ఉంచి పట్టుకోమన్నారు. నలుగురు పసివాళ్లలో ఒకడు ప్రాణాలు కోల్పోయాడు. అలా చెప్పిన విమాన సిబ్బందిలోని మహిళ జాన్ బ్రౌన్ తర్వాత ఏళ్ల తరబడి పసిపిల్లలకూ సీటు తప్పనిసరి చేయాలని పోరాడింది. అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. టికెట్టు భారమై జనం కార్లలో బయలుదేరితే రోడ్లమీద ఇంకా ఎక్కువమంది చనిపోతారన్నది వారి లెక్క. స్తోమత ఉన్నవారు బిడ్డకు సీటు కొనడమే మంచిదని మా అభిప్రాయం. లేనివారు సిబ్బంది ఇచ్చే చిన్న బెల్టునైనా అడిగి తీసుకోవాలి. తమ బెల్టులోనే బిడ్డనూ కలిపి బిగిస్తే కుదుపుకు తల్లి బరువంతా బిడ్డమీదే పడుతుంది.

ఇక్కడ భర్తలకూ ఒక మాట. నాలుగైదు వేలు మిగులుతాయని భార్యను ముగ్గురు పిల్లలతో, మధ్యలో ఏడెనిమిది గంటలు ఆగే విమానంలో పంపేవారిని మేము చూస్తూనే ఉన్నాం. అర్ధరాత్రి పూట ఒక బిడ్డ నిద్రపోతూ, ఒక బిడ్డ మరుగుదొడ్డికని ఏడుస్తూ ఉంటే సామాను ఎవరికి అప్పగించి వెళ్లాలి ఆమె? మిగిలిన ఆ డబ్బుతో బంధువులకు చాక్లెట్లు, అత్తరు సీసాలు కొని ఇంకో పెట్టె నింపుతారు. ఆ పెట్టెను మోసేదీ ఆమే.

పిల్లలు లేని వరుసలు కావాలన్న కోరిక ఇప్పుడు వ్యాపారమైంది. ఎయిర్ ఏషియా ఎక్స్ 2013లో, మన ఇండిగో 2016లో చిన్నపిల్లల్ని కూర్చోనివ్వని నిశ్శబ్ద వరుసలు ప్రవేశపెట్టాయి. 2023లో కొరెండన్ అనే సంస్థ ఆమ్‌స్టర్‌డామ్ నుండి క్యురసావ్ వెళ్లే విమానాల్లో పెద్దలకు మాత్రమేనంటూ ఒక భాగాన్ని వేరు చేసింది. డబ్బిచ్చి నిశ్శబ్దం కొనుక్కునేవారితో మాకు పేచీ లేదు, ఏడుపు ఏ వరుస దగ్గర ఆగిపోతుందో వారే చూసుకుంటారు. మా బాధల్లా పసిబిడ్డ ఏడుపును నేరంగా చూసే అలవాటు మనలోకీ వస్తోందని.

మహాప్రవక్త ముహమ్మద్ (స) సామూహిక నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును కుదించేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఇది నమోదై ఉంది. బిడ్డల్ని మస్జిదుకు తేవద్దనలేదు, తల్లిని మందలించలేదు, తన నమాజునే తగ్గించుకున్నారు. రౌహా అనే చోట ఒక స్త్రీ తన బిడ్డను పైకెత్తి వీడికీ హజ్ ఉందా అని అడిగితే, ఉందని, నీకూ పుణ్యం లభిస్తుందని చెప్పారు. ఒంటెల మీద వారాల తరబడి సాగిన ప్రయాణాల్లో ఆ తల్లులు బిడ్డల్ని వెంట తెచ్చుకున్నారు. ఉమ్రాకు వెళ్లే విమానంలో ఇహ్రాం ధరించి తస్బీహ్ తిప్పుతూ, పక్క వరుసలోని చంటివాణ్ణి చూసి ముఖం చిట్లించేవారు ఈ హదీసును ఏ పుటలో చదివారో!

2024 ఏప్రిల్‌లో మన పౌర విమానయాన డైరెక్టరేట్ ఒక ఆదేశం ఇచ్చింది. ఒకే బుకింగ్‌లో ఉన్న పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి. ఈ సంగతి తెలియక కౌంటరు దగ్గర మౌనంగా ఊరుకునే తల్లులు ఎందరో! అడగండి. పసిపిల్లల పాలు, ఆహారం, మందులు ప్రయాణానికి సరిపడా వెంట తీసుకెళ్లవచ్చు, వాటికి వంద మిల్లీలీటర్ల పరిమితి లేదు. ఉయ్యాల ఉండే ముందు వరుసను టికెట్టు కొనే రోజే అడగాలి. అవి విమానానికి కొన్నే ఉంటాయి.

ఇక చేతిలో ఒక్క బ్యాగుతో ఎక్కే యువకులు ఎలాగూ ఉంటారు. ఇద్దరు పిల్లల తల్లి తమ పక్కన కూర్చుంటే సిబ్బందిని పిలిచి, మరో సోదరితో సీటు మార్పించి, ఆమె సంచి పైన పెట్టి తమ దారిన తాము పోవచ్చు. రెండు నిమిషాల పని.