డ్రాయింగు మేష్టారికి ట్రైనింగెందుకట!

ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగువాళ్ళమ్మాయి ఎవరైనా ఫైనార్ట్స్ డిగ్రీ అయ్యాక, హైస్కూల్లో ఆర్ట్ అండ్ డిజైన్ టీచరు అవుతాను, అందుకు పీజీసీఈ చేస్తాను అందనుకోండి. ఇంట్లో వినపడే మొదటి మాట: "బొమ్మలేయించడానికి మళ్ళీ ఏడాది ట్రైనింగా?" రెండోది: "ఆ కష్టమేదో ఐటీలో పడొచ్చుగా!" అనేది ఎవరో కాదు, హాల్లో బాపు బొమ్మ ఫ్రేము కట్టించి పెట్టుకున్న మనమే.

మొదటి మాట సంగతి చూద్దాం. బొమ్మ వెయ్యడం వస్తే నేర్పడం కూడా వచ్చేస్తుందా? మన ఆఫీసుల్లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరుతో జరిగే భాగోతం చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఈ ట్రైనింగులో కనీసం 120 రోజులు, కనీసం రెండు బళ్ళలో, నిజం పిల్లల ముందు నిలబడాలి. ముప్పైమంది పిల్లల చేతికి లైనో చెక్కే ఉలులిచ్చి, గంటలో ఎవరి వేలూ తెగకుండా పని చేయించి, సింకు కడిగించి పంపాలి. మనం అయిదుగురి టీముని నడపలేక గంటకో మీటింగు పెడతాం!

ఇక మార్కులు. జీసీఎస్ఈ ఆర్ట్‌లో 60 శాతం కోర్సు పొడుగునా చేసిన పనికి, 40 శాతం బోర్డు ఇచ్చిన అంశానికి, అందులో 10 గంటలు పరీక్ష. మార్కులు వేసేది ఆ టీచరే, బోర్డు సరిచూస్తుంది. ఆలోచనని పెంచడం, రంగులతో వస్తువులతో ప్రయోగాలు చెయ్యడం, చూసినదాన్ని పుస్తకంలో పెట్టడం, చివరి బొమ్మ: నాలుగింటికీ సమాన వాటా. అంటే గోడకి తగిలించే బొమ్మకి పావు వంతే. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి, వాడి చేతిలో పెన్సిలు లాక్కోకుండా దారి చూపించడానికే ఆ ఏడాది.

రెండో మాట డబ్బుది. "ప్రభుత్వమే 2024-25లో లెక్కల టీచరు ట్రైనింగుకి 28,000 పౌండ్లు, ఆర్ట్‌కి 10,000 ఇచ్చింది, ఇక విలువెక్కడుంది?" అంటారు. బాబూ, అది కొరతకి ఇచ్చే ధర, విలువకి కాదు. ఉద్యోగంలో చేరాక జీతాల పట్టికలో లెక్కల టీచరుకో వరస, ఆర్ట్ టీచరుకో వరస లేవు. ప్రభుత్వం చేసిందల్లా రైటని నేననను. 2010లో ఈబ్యాక్ అనే కొలత పెట్టి, అందులో ఆర్ట్‌ని చేర్చలేదు. దాన్ని తీసేస్తామని చెప్పడానికి 2025 నవంబరు దాకా పట్టింది.

అసలీ చిన్నచూపు మనం ఊరినుంచి పట్టుకొచ్చిందే. అక్కడ డ్రాయింగు లోయరు, హయ్యరు పాసై, వేసవిలో 42 రోజుల ట్రైనింగు చేస్తే టీటీసీ చేతికొస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది దాకా, వందమంది దాటిన బడికే, అదీ పార్ట్‌టైము ఆర్ట్ టీచరు చాలంది. ఆ మేష్టార్లని తప్పుపట్టను. వాళ్ళ పీరియడు లాక్కుని లెక్కలు చెప్పించుకున్న మనల్నే అంటున్నాను.

దామెర్ల రామారావుని తలుచుకోండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే, తనూ బొమ్మలేసేవాడు గనక, ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి బొంబాయి జేజే స్కూలు దారి పట్టించాడు. రామారావు 1925లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఆ కొద్దికాలంలో వేసినవి చూడ్డానికి ఈనాటికీ రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీకి వెళ్తాం. చూపున్న గురువు దొరకడం ఆయన అదృష్టం. ప్రతి బడికీ అలాంటి అదృష్టం పట్టదు. అందుకే ట్రైనింగు పెట్టి తయారుచేసుకోవాలి.

అలా తయారవడానికి ఎవరో ఒకరి పిల్ల వెళ్ళాలి కదా. మన పిల్ల వెళ్తే వచ్చిన నష్టమేంటో, ఎవరైనా చెప్పండి.