పాల సంఘాల నిర్వహణ: మార్చవలసినది మనిషినా, పద్ధతినా?

వేసవి వచ్చినదనగానే పాల సంఘాలకు చిక్కులు మొదలగును. పుల్లబడిన పాల క్యాన్లు తిరిగి వచ్చును. వెన్న శాతం తగ్గించి వ్రాసినారని రైతులు తగవు పడుదురు. అప్పుడు పాలకవర్గం కూడి చేయు తీర్మానం తరచుగా ఒక్కటే: కార్యదర్శికి సంజాయిషీ నోటీసు, లేదా పాలు పరీక్షించువాని తొలగింపు. కొత్తవాడు వచ్చును, నెల తిరుగకముందే మరల క్యాన్లు పుల్లబడును. అత్త మీద కోపం దుత్త మీద చూపినందువలన ఒరిగినదేమి? మనిషిని మార్చుటకు ముందు పని జరుగు పద్ధతిని పరిశీలించవలెనని నా అభిప్రాయం.

ఈ మాటకు గట్టి ఆధారం ఉన్నది. 1924లో వాల్టర్ షూహార్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కర్మాగారాలలో సరకు నాణ్యతలో వచ్చు హెచ్చుతగ్గులను పటం మీద గుర్తించి చదువు విధానం కనిపెట్టినాడు. ఆ విధానాన్ని విస్తరించిన ఎడ్వర్డ్స్ డెమింగ్ 1927 నుండి 1939 వరకు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసినవాడే. 1950లో ఆయన జపానులో ఇంజనీర్లకు, పరిశ్రమల అధిపతులకు ఈ పాఠాలు చెప్పినాడు. లోపాలలో నూటికి 94 వంతులు పని పద్ధతికి సంబంధించినవేనని, వాటికి బాధ్యత యాజమాన్యానిదని తన అనుభవం మీద 1986లో ఒక గ్రంథంలో అంచనా వేసినాడు.

పాడి రైతుకు ఇది సులభంగా బోధపడును. ఒకే గేదె పాలలో వెన్న ప్రతి దినం ఒక్క తీరుగా ఉండదు. మేతను బట్టి, పూటను బట్టి, ఈనిన తరువాత గడచిన కాలాన్ని బట్టి మారుచుండును. మొదటి ధారలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. పాలు బాగుగా కలియబెట్టక నమూనా తీసినచో లెక్క మరింత తప్పును. ఒక రైతు పాలు 6.4 నుండి 7 శాతం వరకు అటునిటు ఆడుచున్నవనుకొనుడు. నేడు 6.5 వచ్చినదని తగవు పడుట, రేపు 6.9 వచ్చినదని సంతోషించుట రెండును వ్యర్థమే. హఠాత్తుగా 5 వచ్చినదా, అప్పుడు కారణం వెదకవలెను. మామూలు ఆటుపోటు ఏది, కొత్తగా వచ్చిన చెరుపు ఏది అని తెలియుటకు పుస్తకంలో లెక్క ఉండవలెను.

ఇక పుల్లబడు పాల సంగతి. ఆలస్యంగా వచ్చు రైతు కోసం సంఘంలో వేచియుందురు, అది మర్యాదే. డీజిలు కలిసివచ్చు దారిన లారీ తిరుగును, అది పొదుపే. శీతల కేంద్రంలో వచ్చిన వరుసనే క్యాన్లు దించుకొందురు, అది న్యాయమే. ఎవరి పని వారు సక్రమంగా చేసినారు. అయినను మొదట పోసిన పాలు మూడు గంటలు ఎండ వేడిలో నిలిచినవి. ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగును. పాలు 4 డిగ్రీలకు చల్లబడిన గాని వాటి జోరు తగ్గదు. ఇందులో ఏ ఒక్కరిని తొలగించినను పాలు నిలువవు.

ఆణంద్ రైతులు ఈ మర్మం గ్రహించినారు. 1946లో స్థాపించిన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘానికి చలికాలంలో పాలు పొంగి వచ్చెడివి. బొంబాయి నగరం ఆ మిగులునంతటిని తీసుకొనలేకపోయెడిది. పాలు తగ్గించుమని వారు రైతులను నిందించలేదు. గేదె పాల నుండి పొడి తయారుచేయు కర్మాగారాన్ని 1955లో నెలకొల్పుకొన్నారు. లోపమున్న చోటనే చక్కదిద్దినారు.

అట్లయిన తప్పు చేసినవానిని విడిచిపెట్టవలెనా అని మీరు అడుగవచ్చును. కూడదు. పాలలో నీళ్లు కలిపినవానికి, లెక్క దొంగిలించినవానికి శిక్ష తప్పనిసరి. కాని ప్రతి లోపానికి జీతం కోతపడునన్న భయం ఉన్నచోట పుస్తకంలో నిజమైన అంకె పడదు. అబద్ధపు లెక్కతో ఏ సంఘమూ బాగుపడదు.

కావున సంఘ సభ్యులారా, గ్రామాధికారులారా, ఒక నెల దినాలు ఈ పని చేసి చూడుడు. మొదటి పాలు పోసిన వేళ, లారీ వచ్చిన వేళ, శీతల కేంద్రం చేరిన వేళ, పుల్లబడిన క్యాన్ల సంఖ్య ప్రతి దినం వ్రాయించుడు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కార్యాలయం గోడకు అంటించుడు. తరువాత ఒక్క మార్పు మాత్రమే చేయుడు: పాల సేకరణకు గడువు వేళ పెట్టుటయో, లారీ దారి తిప్పుటయో. కొత్త వంగడాన్ని ముందు ఒక మడిలో వేసి చూచు రైతుకు ఇది తెలియని పద్ధతి కాదు. రెండు వారాలు గమనించి, మేలు కనబడినచో దానిని నియమం చేయుడు. లేనిచో మరొకటి ప్రయత్నించుడు. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు.

పాలు తిరిగి వచ్చిన ప్రతి దినం నష్టపడునది సభ్యుడే. విసిగిన సభ్యుడు పాలను బయటి వర్తకునికి పోయును. సభ్యులు తగ్గిన సంఘం నిలువదు. రాబోవు సమావేశంలో నోటీసు వ్రాయుటకు ముందు ఆ గోడమీది కాగితాన్ని అందరూ కలిసి చదువుడు.