పాలకూర కట్టల సీసం ఎంతున్నదో ఎవరు చెప్పాలె?

మూసీ మీద ఇప్పుడు మాట్లాడనోళ్లు లేరు. 55 కిలోమీటర్ల పొడుగున నది ఒడ్డును మంచిగ చేస్తమని సర్కారు అంటున్నది. పేదోళ్ల ఇండ్లు కూలగొట్టి ఏం మంచి చేస్తరని ప్రతిపక్షం అడుగుతున్నది. 2024 నవంబర్‌ల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సంగెం కాడ ఒడ్డెంబడి నడిచి, కింది ఊర్లోళ్ల గోస చెప్పిండు. ఖర్చు మీద కొట్లాట నడిచింది, నడుస్తనే ఉన్నది. ఇన్ని ముచ్చట్ల నడుమ నాకు సక్కగ వినవడని ముచ్చట ఒక్కటున్నది. ఆ నీళ్లతోని పండే పాలకూరల, బర్లు మేసే గడ్డిల, యాసంగి వడ్లల్ల సీసం ఎంతున్నది, కాడ్మియం ఎంతున్నది, ఆ లెక్క ఎవరు రాస్తున్నరు, ఎవరికి చెప్తున్నరు?

నేనుండేది ఉప్పల్ దిక్కు. మా గల్లీలకు పొద్దుగాల్నే ఆకుకూరల గంప వస్తది. పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుంటికూర. ఏ మడిల కోసిన కూరనో అడిగితే అమ్మే ఆమె సప్పుడు చెయ్యదు. ఎందుకు చెప్పాలె? 'మూసీ కూర' అన్న మాట నోట్ల నుంచి వచ్చిందంటే ఆ పూట గంప అట్లనే ఇంటికి పోతది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల దిక్కు రైతుకు ఇదే భయం. అందుకే ఎవరన్న శాంపిల్ సంచి పట్టుకొని పొలంకాడికి వస్తే ఆయనకు మంచిగ అనిపియ్యది. మందు చెప్పెటందుకు కాదు, పేరు చెడగొట్టెటందుకు వచ్చిండని అనుకుంటడు. ఇప్పటిదాక జరిగింది చూస్తే ఆయన అనుకున్నది పూర తప్పని నేననలేను.

ఆ రైతు మూసీ నీళ్లు సంబురంతోని పెట్టుకోలేదు. హైదరాబాద్ రోజుకు వంద కోట్ల లీటర్లకు పైనే మురికి నీళ్లు ఇడుస్తది. కింది ఊర్లల్ల కత్వల నుంచి కాల్వలు తవ్వి తాతల కాలం నుంచే సాగు చేస్తున్నరు. ఎండకాలం కూడ నీళ్లు ఆగయి. ఆ మురికిల నత్రజని, భాస్వరం ఉంటయి గనుక యూరియా సంచులు తక్కువ పడ్తయి. మనం కడుక్కొని పోసిన నీళ్లే కూరయి మళ్ల మన ఇంటికి వస్తున్నయి. మలమూత్రాలతోనే అయితే ఇంత రంది లేదు. క్రిములు ఎండకు సస్తయి, ఉడికిస్తే సస్తయి. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ అట్ల కాదు. అవి మూలకాలు. కాలవు, కుళ్లవు, ఉడికిస్తే ఇరగవు. నీళ్లల్ల నుంచి మట్టిలకు, మట్టిల నుంచి ఏర్లకు, ఆకులకు, అక్కడికెల్లి బర్రెకు, మనిషికి జాగ మారుతయి గని మాయమైతె కావు.

అవెక్కడివంటే పూత పూసే చిన్న కార్ఖానలు, బ్యాటరీలు పగలగొట్టే షెడ్లు, రంగులు, మందుల ఫ్యాక్టరీలు. జీడిమెట్ల దిక్కు నుంచి కూకట్‌పల్లి నాలా హుస్సేన్ సాగర్ల పడ్తది, సాగర్ అలుగు మూసీకి పోతది. పటాన్‌చెరు దిక్కుది ఇంకో కథ. అక్కడి కాలుష్యం మీద 1990ల సుప్రీంకోర్టుల కేసు పడ్డది. డాక్టర్ కిషన్ రావు అసొంటోళ్లు ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు. ఆఖరికి అక్కడ శుద్ధి చేసిన ఫ్యాక్టరీ నీళ్లను పైపులేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దిక్కు మళ్లించిన్రు. అసొంటి కేంద్రాలు బ్యాక్టీరియాతోని నడుస్తయి. మలాన్ని అవి తింటయి గని సీసాన్ని తినయి. లోహంల కొంత నీళ్లతోని బయటికి పోతది, ఎక్కువ భాగం అడుగున మడ్డిల చేరుతది. ఆ మడ్డిని ఎండబెట్టి ఎరువు అని ఎవరన్న పొలానికి తోలితే, నీళ్లల్ల నుంచి తీసిందాన్నే మళ్ల కూరకు పెట్టినట్టయితది. కొత్త కేంద్రాలు ఎన్ని కట్టిన్రని మస్తు లెక్కలు చెప్తరు. మడ్డి ఎటు పోతున్నది, అండ్ల లోహం ఎంతున్నదని చెప్పే బోర్డు మాత్రం నాకు ఏడ కనవడలె.

లోహాన్ని కొలిచేది ఎట్లనో జర చెప్పుకోవాలె. ఈడనే మోసపోతున్నం. ఇంటింటికి తిరిగి ఫిల్టర్లు అమ్మెటోళ్లు పెన్ను లెక్క ఉన్న టీడీఎస్ మీటర్ను గిలాసల ముంచి, 'చూడుండ్రి అన్నా, మీ నీళ్లల్ల ఇషం' అంటరు. ఆ మీటర్ కరిగిన ఉప్పులన్నిటినీ కలిపి ఒక్క అంకె చూపెడ్తది. తాగే నీళ్లల్ల సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటొద్దని, కాడ్మియం 0.003 దాటొద్దని భారత ప్రమాణం ఉన్నది. అంత సన్నపు ముచ్చట ఆ పెన్నుకు తెల్వది. మీటర్ల 80 చూపెట్టిన నీళ్లల్ల సీసం హద్దు దాటి ఉండొచ్చు, 800 చూపెట్టిన బోరు నీళ్లల్ల అసలే ఉండకపోవచ్చు.

కూరకైతే ఇంకా పని ఎక్కువ. ఒక్క కట్ట సాలదు, మడిల పదిచోట్ల కొయ్యాలె. ఎండబెట్టి, పొడి చేసి, నైట్రిక్ యాసిడ్‌ల కరిగించి, అటామిక్ అబ్జార్ప్షన్ మిషిన్ల గని ఐసీపీ-ఎంఎస్‌ల గని పెట్టాలె. కడిగి పెట్టిన్రా, కడగకుండ పెట్టిన్రా అన్నదాన్ని బట్టి అంకె మారుతది, ఆకు మీది రోడ్డు దుమ్ముల కూడ సీసం ఉంటది గనుక. వానాకాలం నీళ్లు పల్చవడ్తయి, ఎండకాలం చిక్కవడ్తయి. ఒక్కపారి తీసి ఏడాది అంతా ఇంతేనంటే నడవదు.

పేపర్ల హెడ్డింగులు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఆకుకూరలల్ల సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాము, కాడ్మియం 0.2 అని అంతర్జాతీయ కోడెక్స్ హద్దు. అంటే టన్ను పాలకూరల గ్రాముల మూడో వంతు కూడ లేని సీసం. ఈ హద్దు పచ్చి కూరకు. చానా మంది పరిశోధకులు మాత్రం ఎండిన కూర బరువు మీద అంకె రాస్తరు. పాలకూరల నూటికి 90 వంతులకు పైనే నీళ్లు. ఎండిన పొడిల 2 మిల్లీగ్రాములంటే పచ్చి కూరల 0.2 కూడ కాదు, హద్దు లోపలనే. ఈ తేడా పట్టించుకోకుండ ఆరేడింతలు ఇషమని రాస్తే ఆ వారం రైతు మునుగుతడు. అట్లని ఉత్తగనే భయపెడ్తున్నరని కొట్టేసేది కూడ లేదు. మూసీ కింద చేసిన అధ్యయనాలల్ల కొన్ని పాలకూర, తోటకూరలు లోహాన్ని ఎక్కువ పీల్చినయన్నయి, కొన్ని హద్దు లోపలనే ఉన్నదన్నయి. రెండూ నిజమే కావొచ్చు. ఒకరు నాలా కలిసే కాడ తీస్తరు, ఇంకొకరు ఇరవై కిలోమీటర్ల కింద తీస్తరు. గందుకే మడి మడికి లెక్క కావాలె. 'మూసీ కూర' అని మొత్తానికి ఒకటే పేరు పెట్టుడు సైన్సూ కాదు, న్యాయమూ కాదు.

మిషిన్లు లేవా అంటే, మూసీ నుంచి ఆటోల పోయేంత దూరంలనే ఉన్నయి. తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, హబ్సిగూడల ఎన్‌జీఆర్‌ఐ, నాచారంల రాష్ట్ర ఆహార ప్రయోగశాల. దేశంల ఇంకో ఊరికి ఇంత భాగ్యం లేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. అయినా నాలుగు కట్టల కూర పట్టుకొని నేనొక ప్రైవేటు ల్యాబుకు ఫోన్ చేస్తే, లోహానికి ఇంత అని లెక్కగట్టి చెప్పిన ధర మా ఇంట్ల నెలల తరబడి అయ్యే కూరగాయల ఖర్చు. ఫుడ్ సేఫ్టీ అధికారులు హోటళ్ల మీద పడి, పాడైన మాంసం, డేటు దాటిన మసాలా పట్టుకొని ఫొటోలు పెడ్తున్నరు. మంచిదే. బిర్యాని తినెటోళ్లు వారంల ఒకపారి తింటరు, పాలకూర పప్పు తినెటోళ్లు రెండు రోజులకోపారి తింటరు. ఆ మడి కాడికి ఏ టాస్క్‌ఫోర్స్ పోతది?

ముందే కొలవకపోతే ఏమైతదో ఏలూరు చూపెట్టింది. 2020 డిసెంబర్‌ల ఆరు వందల మందికి పైన మూర్ఛ వచ్చి, కండ్లు తిరిగి ఆస్పత్రిల పడ్డరు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తం పరీక్ష చేస్తే సీసం, నికెల్ కనవడ్డయి. వేరే సంస్థలు పురుగుమందుల దిక్కు వేలు చూపినయి. ఎవరి పరీక్ష వాళ్లది, ఎవరి మాట వాళ్లది. రోగం రాకముందు ఆ ఊరి జనం రక్తంల ఎంతుండె, ఆ నీళ్లల్ల, కూరలల్ల ఎంతుండె అన్న పాత లెక్క చేతుల ఉంటే, ఈ సీసం కొత్తదా, ఎప్పటినుంచో పేరుకపోయిందా అన్నది తెలుస్తుండె. పది రోజుల హడావిడి పాత లెక్కను పుట్టియ్యలేదు.

సీసం రోజూ మూర్ఛ తెచ్చి చెప్పదు కూడ. నల్లగొండ ఫ్లోరైడ్ కనీసం వంకర కాళ్లు చూపెట్టింది గనుక ఢిల్లీ దాక పోయింది. ఫ్లోరైడ్ లోహం కాదనుకోండి, కని ముచ్చట అదే. సీసం పిల్లల మెదడుకు చేసే నష్టం పైకి కనవడది. సార్ 'వీనికి చదువు మీద ధ్యాస లేదు' అంటడు, అంతే. ఈ సీసం గింత ఉంటే ఏం కాదని చెప్పే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. 2020ల యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచంల ముగ్గురు పిల్లలల్ల ఒకరి రక్తంల ఆందోళన పడాల్సినంత సీసం ఉన్నది. అదంతా కూరల నుంచే రాదు. పాత రంగులు, బ్యాటరీలు, కల్తీ పసుపు అన్నిటి నుంచి వస్తది. అందుకే ఏది ఎంత ఇస్తున్నదో తెల్వాలె.

ఇగ తీసేసుడు ముచ్చట. కూరను ఉప్పు నీళ్లల్ల, చింతపండు నీళ్లల్ల నానబెట్టాలని వాట్సాప్‌ల తిరుగుతుంటది. కడిగితే మీది దుమ్ము, మన్ను పోతయి. అది కూడ లాభమే. ఆకు లోపలికి పోయిన కాడ్మియం కడిగితే రాదు. తాగే నీళ్లకు ఆర్ఓ పనిచేస్తది, లోహాలల్ల ఎక్కువ భాగం పట్టుకుంటది. కని మూడెకరాల మడికి ఆర్ఓ పెట్టలేం గదా. మట్టిల చేసే పనులు కొన్నున్నయి. మన్ను పులుపెక్కకుండ సున్నం వేస్తే, కంపోస్టు పోస్తే లోహం ఏర్లకు తక్కువ ఎక్కుతది. ఆకుకూరల జాగల టమాట, బీర, చిక్కుడు పెడ్తే కాయలకు చేరేది తక్కువ. పూలు పెడ్తే తినే బాధనే లేదు. ఆవ మొక్క మట్టిల నుంచి లోహాన్ని గుంజుతదని పరిశోధనలున్నయి. ఒక రకం ఫెర్న్ అయితే ఆర్సెనిక్‌ను ఆకులల్ల కుప్పవోసుకుంటదని 2001ల బయటవడ్డది. ఇది ఏండ్ల పని. ఆ కోసిన మొక్కలను మళ్ల బర్లకు ఎయ్యకుండ ఎక్కడ పెట్టాలె అన్నది ఇంకో తలనొప్పి. పంట మార్చుమని రైతుకు చెప్పుడు అలకగనే ఉంటది. పాలకూర నెల తిరగకముందే చేతికి పైసలిస్తది, బీరకాయ అంత జల్ది ఇయ్యదు. ఆ నడుమ కాలం ఎవరు భరిస్తరు?

ఈ సవాలుకు జవాబు జపాన్‌ల దొరికింది. తోయామా జిల్లాల జింజూ నది మూసీ లెక్కనే పొలాలకు పారేది. మీద కమియోక గని నుంచి కాడ్మియం వచ్చి వడ్లల్ల చేరింది. ముసలోళ్లకు, ముఖ్యంగ ఆడోళ్లకు ఎముకలు పుటుక్కున ఇరిగేటియి. ఆ రోగానికి 'ఇతాయి ఇతాయి' అని పేరు వడ్డది, 'నొస్తున్నది, నొస్తున్నది' అని అర్థం. అది కాలుష్యంతోనే వచ్చిందని సర్కారు 1968ల ఒప్పుకున్నది. కోర్టుల గెలిచినంక ఊరోళ్లు పరిహారంతోనే ఊకోలేదు. నిపుణులను ఎంటవెట్టుకొని గని లోపలికి పోయి చూసే హక్కు, కొలిచే హక్కు రాయించుకున్నరు. ఖర్చు కంపెనీది. 1972 నుంచి ఏటా పోతనే ఉన్నరు. పాడైన పొలాల మీద మన్ను మార్చే పని 2012 దాక నడిచింది, ఆ ఖర్చుల కూడ కంపెనీ వాటా ఉన్నది. కొలిచే పని అధికారి దయ మీద ఇడవలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది అదే.

మన కాడ ఆ హక్కు ఎట్లుండాలె? మూసీ కింది ప్రతి ఊర్ల మడి మన్ను, కాల్వ నీళ్లు, కూర, పాలు ఎండకాలం ఒకపారి, వానలైనంక ఒకపారి తియ్యాలె. గ్రామసభ ఎదుటనే తియ్యాలె. సగం శాంపిల్ పంచాయతీ కాడ దాచి పెట్టాలె, కిరికిరి వస్తే వేరే ల్యాబుకు పంపెటందుకు. రిపోర్టుల పచ్చి బరువా, ఎండు బరువా రాయాలె. హద్దు దాటిన మడి రైతుకు పంట మారేదాక ఎకరానికి ఇంతని ఇయ్యాలె, ఆ పైసలు నాలాల లోహం పోస్తున్న ఫ్యాక్టరీల కాడ వసూలు చెయ్యాలె. హద్దు లోపల ఉన్న మడికి ఆ కాయిదం చేతికియ్యాలె. గంపల కాయిదం పెట్టుకొని అమ్ముకునెటామెకు సప్పుడు చెయ్యకుండ ఉండే అవసరం ఉండది.

ఇంకొకటి జల్ది కావాలె. మూసీని మంచిగ చేసే పనిల నది అడుగు తోడుతరు. ఎన్నో ఏండ్ల మడ్డి బయటికొస్తది, నది పీల్చుకున్న లోహం అండ్లనే ఉంటది. ఆ టిప్పర్లు ఏ ఊరికి పోతయి, ఏ గుంతల పోస్తరు, పోసేముందు ఎవరు పరీక్ష చేస్తరు? మొదటి టిప్పర్ కదలకముందే ఈ మూడు జవాబులు కాయితం మీద కావాలె. ఘట్‌కేసర్ దిక్కు రైతులు గ్రామసభల అడగాల్సింది ముందుగాల ఇదే.